పాత ఎక్స్‌పీ సిస్టమ్‌కు కొత్త లేజర్ ప్రింటర్ కలపాలంటే కేబుల్ కంటే ముందు చూడాల్సింది

మీ నాన్నగారి డీటీపీ షాపులో విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత వర్క్‌స్టేషన్, అందులో పేజీలు అమర్చే పేజ్‌మేకర్, వెనక ప్యారలల్ పోర్టుకు (పాత ప్రింటర్లు తగిలించే వెడల్పాటి సాకెట్) తెలుగు సాఫ్ట్‌వేర్ డాంగిల్ (అది తగిలించి ఉంటేనే సాఫ్ట్‌వేర్ పనిచేసే, తాళంచెవి లాంటి పరికరం) ఉన్నాయన్నారు. పాత ప్రింటర్ పాడైంది. ఇప్పుడొచ్చే లేజర్ ప్రింటర్లకు యూఎస్‌బీ, ల్యాన్ (నెట్‌వర్క్ కేబుల్ పెట్టేది) తప్ప ప్యారలల్ లేదు కాబట్టి యూఎస్‌బీ-ప్యారలల్ కేబుల్ కొంటే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండీ, దయచేసి కొనకండి. యూఎస్‌బీ ఉన్న కంప్యూటర్‌ను ప్యారలల్ ఉన్న పాత ప్రింటర్‌కు కలపడానికి చేసిన కేబుల్ అది. మీకు కావలసింది దానికి సరిగ్గా తిరగేసిన పని. 2018లో బెంగళూరు సుల్తాన్‌పేట దగ్గర మా బాబాయి ప్రెస్‌లో ఇదే సమస్య వస్తే నేను ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్‌కు వెళ్లి ఆ కేబుల్, దాని కొసకు పెట్టే అడాప్టర్ కూడా తెచ్చాను. ఎంత బిగించినా ప్రింటర్‌లో చలనం లేదు. పెళ్లి ముహూర్తాల రోజులు, బయట బెంచీ మీద శుభలేఖల ప్రూఫ్ కోసం ఇద్దరు కూర్చుని ఉన్నారు. బాబాయి ఏమీ అనలేదు గానీ ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

అంతకుముందే ఇంకో తప్పు చేశాను. సిస్టమ్‌కు యూఎస్‌బీ కూడా ఉంది కదా అని తక్కువ ధరలో ఒక యూఎస్‌బీ లేజర్ ప్రింటర్ తెచ్చాను. దాని డ్రైవర్ విండోస్ 7 నుంచి పైవాటికే ఉంది. అలాంటివాటిని హోస్ట్-బేస్డ్ లేదా జీడీఐ ప్రింటర్లు అంటారు. పేజీని చుక్కలుగా మార్చే పనంతా కంప్యూటర్‌లోని డ్రైవరే చేస్తుంది, ప్రింటర్ ఆ చుక్కలను కాగితం మీద దించుతుందంతే. డ్రైవర్ లేకపోతే దానికి మన మాట ఒక్కటీ అర్థం కాదు.

అందుకే ప్రింటర్ కొనేటప్పుడు వెనక ఏ సాకెట్లున్నాయో చూడటం కంటే, స్పెసిఫికేషన్లలో ప్రింటర్ లాంగ్వేజ్ అన్న వరుస చూడటం ముఖ్యం. అక్కడ పీసీఎల్ 5 గానీ, పోస్ట్‌స్క్రిప్ట్ గానీ ఉండాలి. పేజీ ఎలా గీయాలో కంప్యూటర్ ప్రింటర్‌కు చెప్పే భాషలివి. బ్రదర్ వాళ్ల మోడళ్లలో పోస్ట్‌స్క్రిప్ట్‌కు బదులు బీఆర్-స్క్రిప్ట్ 3 అని రాస్తారు, అది కూడా పనికొస్తుంది. ఈ భాషలు తెలిసిన ప్రింటర్‌కు ఆ కంపెనీ ఎక్స్‌పీ డ్రైవర్ ఇవ్వకపోయినా ఫర్వాలేదు. 1992లో వచ్చిన హెచ్‌పీ లేజర్‌జెట్ 4 డ్రైవర్ ఎక్స్‌పీలోనే ఉంటుంది, నలుపు-తెలుపు పనికి దాంతో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) ప్రింట్ వస్తుంది.

మీది పేజ్‌మేకర్ పని కాబట్టి నా సలహా పోస్ట్‌స్క్రిప్ట్ ఉన్నదే తీసుకోమని. చివరికి మేం తెచ్చిన, రెండు భాషలూ తెలిసిన ప్రింటర్‌లో పీసీఎల్ డ్రైవర్‌తో మొదటి కార్డు తీసినప్పుడు అక్షరాలు శుభ్రంగా వచ్చాయి, పైన ఉన్న వినాయకుడు మాత్రం తొండం అంచంతా మెట్లు మెట్లుగా వచ్చాడు. ఆ బొమ్మ ఈపీఎస్ ఫైల్, అంటే పోస్ట్‌స్క్రిప్ట్ భాషలోనే ఉన్న బొమ్మ. పోస్ట్‌స్క్రిప్ట్ లేని ప్రింటర్‌కు పంపితే పేజ్‌మేకర్ అసలు బొమ్మను వదిలేసి, స్క్రీన్ మీద చూపించే ముతక నమూనానే పంపుతుంది. డ్రైవర్‌ను లేజర్‌జెట్ 4/4ఎం పీఎస్‌కు మార్చగానే అదే తొండం గీత నున్నగా వచ్చింది. ఆఫ్‌సెట్ ప్రింటింగ్ ప్లేట్ కోసం ట్రేసింగ్ పేపర్ మీద తీసేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

ఇక కలపడం. ల్యాన్ వాడండి. డాంగిల్‌కు ప్యారలల్ పోర్టు పూర్తిగా మిగులుతుంది. మా పాత ప్రింటర్ డాంగిల్ వెనకే తగిలించి ఉండేది, ప్రింటర్ ఆఫ్‌లో ఉంటే సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి డాంగిల్ కనబడలేదనేది. ల్యాన్‌కు మారాక ఆ బాధ పోయింది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి దాన్ని ఇంటర్నెట్ రౌటర్‌కు మాత్రం కలపకండి. ఐదు పోర్టుల చిన్న నెట్‌వర్క్ స్విచ్ ఒకటి కొని, కంప్యూటర్‌నూ ప్రింటర్‌నూ దానికే పెట్టండి. నేరుగా ఒకే కేబుల్‌తో కలిపితే పాత ల్యాన్ కార్డులకు క్రాస్ కేబుల్ (లోపలి తీగలు అటూ ఇటూ మార్చి కట్టినది) కావాల్సి రావచ్చు, స్విచ్ ఉంటే ఆ గొడవ లేదు. కంప్యూటర్‌కు 192.168.1.10, ప్రింటర్‌కు దాని మెనూలోంచి 192.168.1.20 ఇవ్వండి. రెండిటికీ మాస్క్ 255.255.255.0. కంప్యూటర్‌లో గేట్‌వే ఖాళీగా వదిలేయండి.

తర్వాత ప్రింటర్స్ అండ్ ఫ్యాక్సెస్‌లో యాడ్ ఎ ప్రింటర్ నొక్కండి. ఇక్కడ చాలామంది నెట్‌వర్క్ ప్రింటర్ ఎంచుకుని గంటలు పోగొట్టుకుంటారు. మీరు లోకల్ ప్రింటర్ ఎంచుకుని, ఆటోమేటిక్‌గా వెతికే టిక్ తీసేయండి. క్రియేట్ ఎ న్యూ పోర్ట్‌లో స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ పెట్టి ప్రింటర్ ఐపీ ఇవ్వండి. అది ఏ పరికరమో తెలియలేదని ఎక్స్‌పీ అడిగితే జెనెరిక్ నెట్‌వర్క్ కార్డ్ అని చెప్పండి, డేటా 9100 పోర్టు మీద వెళ్తుంది. చివరగా హెచ్‌పీ జాబితాలోంచి పైన చెప్పిన డ్రైవర్ ఎంచుకోండి: పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ అయితే లేజర్‌జెట్ 4/4ఎం పీఎస్, పీసీఎల్ మాత్రమే ఉంటే లేజర్‌జెట్ 4.

టెస్ట్ పేజీకి ముందు ఆ డ్రైవర్‌లో పేపర్ సైజ్ ఏ4 ఉందో లేదో చూడండి. మాకు లెటర్ అని ఉంది. ట్రే నిండా ఏ4 ఉన్నా ప్రింటర్ లైటు ఆగి ఆగి వెలుగుతూ, కాగితం పెట్టమని అరగంట నిలబడిపోయింది. కేబుల్ తప్పేమోనని నేను అన్నీ విప్పి మళ్లీ బిగించాను.

మీ ప్రశ్న కింద కొందరు కొత్త సిస్టమ్ కొనుక్కోమని రాశారు. ఇరవై ఏళ్ల పాత తెలుగు ఫాంట్ల ఫైళ్లను వేరే సిస్టమ్‌లో తెరిస్తే ‘శ్రీరస్తు’ ఉన్నచోట అర్థంకాని ఇంగ్లిష్ గుర్తులు కనబడతాయని వాళ్లకు తెలిసి ఉండదు. అక్క పెళ్లికి కార్డు వేయించుకున్న ఇంటివాళ్లే చెల్లెలి పెళ్లికి మళ్లీ వచ్చి అదే కార్డు అడుగుతారు. మీ నాన్నగారు ఆ సిస్టమ్‌ను అంటిపెట్టుకుని ఉండటంలో న్యాయం ఉంది. ఫైళ్లను మాత్రం ఈ వారమే ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయండి.

ఇంకొకటి, కరెంటు పోతుందని లేజర్ ప్రింటర్‌ను కంప్యూటర్ యూపీఎస్‌కు పెట్టకండి. లోపలి ఫ్యూజర్ (పొడి ఇంకును వేడితో కాగితానికి అంటించే భాగం) వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది, చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. ప్రింటర్ నేరుగా గోడ ప్లగ్‌కే ఉండాలి. కొనేముందు మీరు చూసిన మోడల్ నంబర్ ఇక్కడ రాయండి, దానికి ఏ భాష వచ్చో చూసి చెబుతాను.