పెరటి కోళ్లు: ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా పెరట్లో ఐదు నాటు పెట్టలు, మూడు పందెం పుంజులు (ఈకల రంగును బట్టి డేగ, కాకి, నెమలి అంటాం) ఉన్నాయి. డేగ పుంజు పెట్టలతో తిరుగుతుంది. కాకి, నెమలి పుంజుల్ని కాలికి తాడేసి కొబ్బరిచెట్లకు కడతాం. మొన్న పద్నాలుగు వారాల గ్రామప్రియ (పెరటి పెంపకానికి తయారైన గుడ్ల జాతి) పెట్టల్ని ఎనిమిదింటిని కొని, తెచ్చిన రోజే వదిలాం. పాతవి తరిమి పొడిస్తే ఒకదాని నెత్తిన రక్తం కారింది. డేగ పుంజు కొత్తవాటి వెంటపడి కాకి పుంజు దగ్గరకు వెళ్లేసరికి ఆ రెండూ కొట్టుకున్నాయి. ఇప్పుడు కొత్తవి గంపల కింద ఉన్నాయి. ఎలా కలపాలి?
– ఒక పాఠకురాలు, రాజోలు ప్రాంతం

జవాబు: పెట్టల పోట్లాట వేరు, పుంజుల పోట్లాట వేరు. ఏది పైన, ఏది కింద అని తేలేదాకా పెట్టలు పొడుచుకుంటాయి, తేలాక మానేస్తాయి. కంచెకు అటూ ఇటూ ఉండి రోజూ చూసుకుంటే అందులో సగం అక్కడే తేలిపోతుంది. పందెం జాతి పుంజు అలా కాదు. ఎదుటి పుంజు కంట పడితే చాలు, ఒకటి పడిపోయేదాకా వదలదు. కాబట్టి పెట్టలకు పెట్టలు కనబడాలి, పుంజుకు పుంజు కనబడకూడదు.

ముందుగా కొత్తవాటిని గంపల కింద నుంచి తీయండి. మన ఉక్కకు అవి అందులో వగర్చి నీరసిస్తాయి. పాత కోళ్లకు కనీసం ముప్పై అడుగుల దూరంలో, నీరు నిలవని మెరక మీద, కింద ఊక పరిచిన పాకలో మూడు వారాలు ఉంచండి. ఒకరోజు కలిసి తిరిగాయి కనుక రెండు గుంపుల్నీ గమనించాలి. పచ్చగా పారడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ తిప్పేయడం కొక్కెర తెగులు గుర్తులు. రెట్టలో రక్తం ఉంటే రక్తపారుడు. రెక్కల కింద, ముడ్డి చుట్టూ ఈకలు విడదీసి పేలు, గోమార్లు ఉన్నాయేమో చూడండి. కొక్కెర తెగులు రాకుండా ఎనిమిది వారాల వయసులో వేయాల్సిన ఆర్‌టూబీ టీకా వేశారో లేదో అమ్మినవారిని అడగండి. వేయకపోతే ఆరోగ్యంగా ఉన్నవాటికి పశువుల ఆసుపత్రిలో వేయించి, ఆ తర్వాత రెండు వారాలైనా ఆగి కలపండి. మేత ముందు పాతవాటికి, తర్వాతే కొత్తవాటికి వేయాలి. కొత్తవాటి పాకకు వేరే చెప్పులు పెట్టుకోండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి తెలిసిందే. కోళ్లు ఎక్కువగా చనిపోతే ఒక్క పూట కూడా ఆగకుండా పశువైద్యుడికి చెప్పాలి.

మూడు వారాలు గడిచాక అంగుళం కన్నాల ఇనుప మెష్‌తో పాతవాటి పక్కనే అడ్డు కట్టి, కొత్తవాటిని పది రోజులు అందులో ఉంచండి. చెరువుల దగ్గర దొరికే పాత వలను అడ్డుగా కట్టొద్దు. కాళ్లు, మెడలు చిక్కుకుంటాయి. గద్దలు రాకుండా పైన కప్పడానికి మాత్రం అది బాగుంటుంది. పుంజుల మధ్య నాలుగడుగుల ఎత్తున తాటాకు తడికలు నిలబెట్టండి. కట్టిన పుంజు తిరిగే మేరలో గింజలు చల్లొద్దు. గింజల కోసం పిల్లపెట్టలు అందులోకి వెళ్తే పుంజు తొక్కేస్తుంది.

కలిపే రోజు పొద్దుగూకాక పాతవి ఎక్కి కూర్చున్న కర్ర మీదే కొత్తవాటినీ కూర్చోబెట్టండి. కోడికి 9 అంగుళాల లెక్కన మీ పదమూడు పెట్టలకు పదడుగుల కర్ర కావాలి. కర్రలు రెండైతే రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే పై కర్ర కోసం గొడవ. తెల్లవారీ తెల్లవారకముందే గూటి తలుపు తీయండి. అసలు దెబ్బలు తగిలేది పారిపోయే దారి లేక మూలన దొరికిపోయే గూట్లోనే. ఎనిమిదింటినీ ఒకేసారి కలపండి, ఒంటరిగా వెళ్లిన పెట్ట మీద అన్నీ పడతాయి. మేత, నీళ్లు మూడు చోట్ల, ఒకదానికొకటి ఏడెనిమిది అడుగుల ఎడంగా పెట్టండి. కొబ్బరి మట్టలు గోడకు చేరవేస్తే కొత్తవి వాటి వెనక దూరి తప్పించుకుంటాయి, కానీ రెండు వైపులా దారి ఉండాలి.

నాలుగైదు రోజులు తరమడం, ఒకటీ అరా పొడవడం మామూలే, కంగారు పడకండి. రాత్రిపూట కొత్తవాటి మెడ కింద మేత సంచి తడిమి చూడండి. ఖాళీగా ఉంటే దాన్ని తిననివ్వడం లేదన్నమాట. రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే వేరు చేసి జెన్షన్ వయొలెట్ రాయండి, ఎరుపు కనబడితే మిగతావీ పొడుస్తాయి. పదేపదే పొడిచేది ఒకటే పాత పెట్ట అయితే దాన్నే నాలుగు రోజులు అవతల మూయండి. తిరిగొచ్చేసరికి దాని పెత్తనం తగ్గుతుంది.

ఈ రోజులన్నిటా డేగ పుంజు కట్టే ఉండాలి. మూడు నాలుగు కిలోల పుంజు ఎదగని పెట్టనెక్కితే వీపు చీరుకుపోతుంది. జుట్టు (నెత్తి మీది తురాయి) ఎర్రబడి, వీపు మీద చెయ్యేస్తే పెట్ట ఒదిగి కూర్చునేదాకా, అంటే దాదాపు ఐదున్నర నెలల వయసుదాకా ఆగండి. తర్వాత కూడా మొదట్లో సాయంత్రం గంటసేపే వదలండి. పుంజు కాలి ముల్లు మొన ఆకురాయితో మొద్దు చేయండి. పదమూడు పెట్టలకు ఒక్క పుంజు చాలు. కొన్నవాటిలో జుట్టు ముందే పెద్దదై ఎర్రబడినది ఉంటే అది పుంజుపిల్లే కావచ్చు. డేగ దాన్ని బతకనివ్వదు, వేరు చేయండి.

గుడ్డు పెట్టేదాకా కొత్తవాటికి గ్రోయర్ మేతే (ఎదిగే కోళ్ల మేత) వేయండి. గుడ్ల కోళ్ల మేతలో సున్నం ఎక్కువ, లేత పెట్టల మూత్రపిండాలు దెబ్బతింటాయి. కలిసి తింటున్నప్పుడు అందరికీ గ్రోయరే వేసి, సున్నం కోసం నలగ్గొట్టిన ఆల్చిప్ప గుల్ల వేరే చిప్పలో పెట్టండి. గుడ్లు పెట్టే పాతవి వాటికి కావలసినంత తింటాయి.

సంక్రాంతి ముందూ వెనకా కొత్త కోళ్లను కలపడం మానుకోండి. అప్పుడు పుంజులు ఊరూరా చేతులు మారతాయి, తెగులూ వాటితోనే వస్తుంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం కోళ్లకు పందెం పెట్టడం నేరం. ఏ కారణంగానైనా బయటి పుంజుల మధ్యకు వెళ్లొచ్చిన పుంజును కూడా మూడు వారాలు విడిగా ఉంచక తప్పదు.

ప్రశ్న: డేగ పుంజుతో తిరిగిన నాటు పెట్టకు నెమలి పుంజు పిల్లలు కావాలి. ఎన్నాళ్లు ఆగాలి?
– ఒక పాఠకుడు, పాలకొల్లు మండలం

జవాబు: పుంజు బీజం పెట్ట కడుపులో రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాలదాకా నిలుస్తుంది. డేగ నుంచి వేరు చేశాక మూడు వారాల గుడ్లు వంటకు వాడుకోండి. నెమలితో జత కలిసిన వారం తర్వాత పెట్టినవే పొదగడానికి తీయండి.