అమెరికన్ స్పార్క్లింగ్ వైన్ షాంపేన్ కంటే తీసికట్టేనా? రుచి ఎలా చూడాలి?

తీసికట్టని ముందే తీర్మానించుకుని తాగితే అలాగే ఉంటుంది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బీజింగ్ వెళ్లినప్పుడు చైనా ప్రధాని చౌ ఎన్‌లైతో శాంతి కోసమంటూ ఎత్తిన గ్లాసుల్లో ఉన్నది ష్రామ్స్‌బర్గ్ కంపెనీ 1969 బ్లాంక్ డె బ్లాంక్ (తెల్ల ద్రాక్షతోనే చేసింది), అచ్చంగా కాలిఫోర్నియా నాపా లోయ సరుకు. అసలు "పుల్లగా ఉంది, గ్యాస్ లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావరకు తప్పు వైన్‌ది కాదు, తీసినవాళ్లది.

సీసా ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలుండాలి. తొందరైతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి అరగంట ముంచండి. ఉత్త ఐసు ముక్కలైతే సీసాకి అక్కడక్కడే తగులుతాయి, త్వరగా చల్లబడదు. ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోతే పగలొచ్చు. లోపల ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి దాదాపు మూడింతలు మరి! రేకు ఒలిచి, తీగని ఆరు అరచుట్లు తిప్పి వదులు చెయ్యండి. అప్పట్నించి బొటనవేలు బిరడా మీదనుంచి కదలకూడదు. తీగ ఊడబీకకండి, దాంతో కలిపే బిరడాని పట్టుకోండి. సీసాని ఏటవాలుగా, మనుషులకేసి కాకుండా పట్టుకుని, బిరడా కదలకుండా సీసానే అడుగున తిప్పండి. బిరడా పైకి తోసుకొస్తుంటే కిందికి అదమండి. "తుస్" మనాలి. "ఠప్" మందంటే పెళ్లివారికి సరదాయే గానీ, సగం నురగ నేలపాలు.

సన్నటి పొడుగు గ్లాసులు ఫొటోలకి బాగుంటాయి, ముక్కుకి పనికిరావు. మామూలు వైట్ వైన్ గ్లాసు చాలు. సబ్బు జిడ్డుంటే నురగ చచ్చిపోతుంది కాబట్టి వేడినీళ్లతో బాగా తొలిచి ఆరబెట్టండి. అంగుళం పోసి, పొంగు దిగాక సగం దాకా నింపండి. బుడగలు లెక్కపెట్టి నాణ్యత తేల్చే పండితుల్ని నమ్మకండి. అవి ఎక్కువగా గ్లాసుకి అంటుకున్న సన్నటి నూలుపోగుల దగ్గరే పుడతాయి.

ముందు వాసన: నిమ్మ, పచ్చి ఆపిల్. ఆ వెనక కాల్చిన బ్రెడ్డు, వేయించిన బాదం తగిలితే సీసాలో ఈస్టు మడ్డి మీద చాలాకాలం ఉందని అర్థం. గుక్క నోట్లో కాసేపు ఆపండి: మంచిదైతే నురగ మీగడలా విచ్చుకుంటుంది, నాసిదైతే సోడాలా పొడుస్తుంది. పావుగంట ఆగి మళ్లీ చూడండి. చలీ గ్యాసూ తగ్గాక, దాచిన తీపి బయటపడుతుంది.

లేబుల్ మీద "ఫర్మెంటెడ్ ఇన్ దిస్ బాటిల్" ఉంటే ఆ సీసాలోనే పులిసింది. "ఇన్ ద బాటిల్" అంటే వేరే సీసాల్లో పులియబెట్టి, ట్యాంకులో కలిపి, వడగట్టి మళ్లీ నింపింది. డ్రై అంటే తీపి లేనిదని అర్థం, కానీ "ఎక్స్‌ట్రా డ్రై" అన్నది "బ్రూట్" అని రాసినదాని కంటే తియ్యన! బ్రూట్‌లో చక్కెర లీటరుకి 12 గ్రాములు మించదు, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17 దాకా ఉంటుంది. ఈ పేరు పెట్టినవాణ్ణి ఏమనాలో తెలీదు. షాంపేన్ అంటే అసలు ఫ్రాన్స్‌లోని ఆ పేరుగల ప్రాంతపు వైనే; అయినా అమెరికాలో 2006 మార్చికి ముందునుంచీ వాడుతున్నవాళ్లు "కాలిఫోర్నియా షాంపేన్" అని ఇప్పటికీ వేసుకోవచ్చు, ఆ మాట చూసి మురిసిపోకండి.

మొదటి సీసాకి కాలిఫోర్నియా ఆండర్సన్ వ్యాలీలోని రోడరర్ ఎస్టేట్ వాళ్ల బ్రూట్ కొనండి. ఖర్చు తగ్గాలంటే న్యూమెక్సికో రాష్ట్రంలోని గ్రూయే కంపెనీది. పక్కన గారెలు, ఉప్పు జీడిపప్పు భేష్. మిరపకాయ బజ్జీ మాత్రం వద్దు, గ్యాసు తగిలితే మంట ఇంకా పెరుగుతుంది. మిగిలితే సీసా మూతిలో చెంచా దోపడం దండగ. క్లిప్పు మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటి సాయంత్రానికి ఖాళీ చెయ్యండి.