నవలలు చదువుకోండి, అక్కతో మాట్లాడండి

ప్రశ్న: నా వయసు 42. ఉద్యోగం చేస్తున్నాను. పదిహేడేళ్ళ కూతురు ఉంది. చిన్నప్పటి నుంచి నాకు నవలలంటే ప్రాణం. ఆ అలవాటు చేసింది మా అక్కే. వారపత్రికల్లో సీరియళ్ళు ఇద్దరం పోటీపడి చదివేవాళ్ళం. నాన్న పోయాక అక్క తన చదువు మానేసి ఉద్యోగంలో చేరింది. నన్ను చదివించింది. నా పెళ్ళి చేశాకే తను చేసుకుంది. అక్క మాటంటే నాకు వేదం.

కొన్నేళ్ళుగా నేను ఎక్కువగా ఇంగ్లీషు రొమాన్స్ నవలలు చదువుతున్నాను. దాచకుండా చెబుతున్నాను, శృంగారం బాగా ఉన్నవే. రాత్రి పనులన్నీ అయ్యాక ఓ గంట చదివితే గానీ ఆ రోజు పూర్తయినట్టు అనిపించదు. మావారికి తెలుసు, ఏమీ అనరు. మొన్న అక్క మా ఇంటికి వచ్చినప్పుడు ఫోటోలు చూద్దామని నా ఫోను తీసుకుంది. సగంలో ఆపిన నవల తెరిచే ఉంది. ఒక పేజీ చదివి, 'ఎదిగిన ఆడపిల్ల తల్లివి. ఇలాంటి చెత్త చదవడానికా నిన్ను చదివించింది?' అంది. అమ్మాయి విన్నది. మావారు అక్కడే ఉన్నారు కానీ మాట్లాడలేదు. తర్వాత అక్క ఈ సంగతి అమ్మకు, వదినకు కూడా చెప్పింది. ఇకమీదట చదవనని అక్కకు మాటిచ్చి ఆ రాత్రే నవలలన్నీ డిలీట్ చేశాను. కానీ మనసు అటే పోతోంది, నిద్ర పట్టడం లేదు. ఇది వ్యసనమా? ఈ వయసులో ఇలాంటివి చదవడం తప్పా? ఈ అలవాటు నుంచి ఎలా బయటపడాలి?

జవాబు: మీ మూడు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను. ఇది వ్యసనం కాదు. ఈ వయసులో చదవడం తప్పు కాదు. బయటపడాల్సిన అవసరమే లేదు. తీసేసిన నవలలు మళ్ళీ తెచ్చుకోండి. సగంలో ఆగిపోయినదాంతోనే మొదలుపెట్టండి.

ఆఫీసుకు సెలవు పెట్టి మరీ చదువుతుంటే, పిల్లకు జ్వరం వచ్చినా పుస్తకం పక్కన పెట్టలేకపోతుంటే, అప్పు చేసి కొంటుంటే, మానాలని ఎన్నిసార్లు అనుకున్నా చేతకాకపోతే అప్పుడు వ్యసనం గురించి మాట్లాడుకుందాం. వీటిలో ఒక్కటి కూడా మీ ఉత్తరంలో లేదు. అక్క ఒక్క మాట అనగానే ఆ రాత్రే అన్నీ తుడిచేసిన మనిషికి వ్యసనం ఎక్కడిది? మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం నవల దూరం కావడం కాదు, కన్నకూతురు చూస్తుండగా అవమానపడటం. ఆ రెండింటినీ కలిపేసుకుని నేరమంతా నవల మీద వేస్తున్నారు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. ఈమధ్య కొన్ని యాప్‌లు నవలను చిన్న చిన్న భాగాలుగా ఇస్తూ, సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆపి, తర్వాతి భాగం కావాలంటే కాయిన్లు కొనమంటున్నాయి. విడివిడిగా చూస్తే చిన్న మొత్తాలే, అన్నీ కలిపితే ఒక్కోసారి పుస్తకం మొత్తం కొన్నదానికన్నా ఎక్కువవుతుంది. మీరు అలాంటి వాటిలో చదువుతుంటే ఖర్చు మీద ఓ కన్నేసి ఉంచండి. అంతకుమించి ఈ విషయంలో నేను చెప్పేదేమీ లేదు.

ఇక 'చెత్త' అన్న మాట. దాన్ని మీరు ఎంత తేలిగ్గా ఒప్పేసుకున్నారో చూసి నాకు బాధ వేసింది. ఇన్నేళ్ళు చదివారు కదా, ఆ నవలల్లో ఏముందో మీకన్నా బాగా ఎవరికి తెలుసు? ఎన్ని అపార్థాలు వచ్చినా, ఎంత ఎడబాటు వచ్చినా, చివరికి ఆ ఇద్దరూ కలుస్తారని రొమాన్స్ నవల ముందే హామీ ఇస్తుంది. రోజంతా ఏది ఎటు తిరుగుతుందో తెలియని పనులతో సతమతమైన మనిషికి, ముగింపు గురించి బెంగ పెట్టుకోనక్కర్లేని కథ ఎంత విశ్రాంతినిస్తుందో ఆ పుస్తకాలు ముట్టని వాళ్ళకు అర్థం కాదు. శృంగార ఘట్టాల సంగతికొస్తే, మంచి నవలల్లో వాటిని ఆమె వైపు నుంచి చెబుతారు. ఆమెకు ఏం కావాలో అతను అడుగుతాడు, చెబితే వింటాడు, వద్దంటే ఆగుతాడు. ఆడవాళ్ళ కోరికను ఇంత శ్రద్ధగా పట్టించుకునే చోట్లు మన జీవితాల్లో ఎన్ని ఉన్నాయి చెప్పండి?

అన్నీ అలాంటివే ఉంటాయని అనను. 1970లలో వచ్చిన ఇంగ్లీషు చారిత్రక రొమాన్సుల్లో నాయికను బలవంతం చేసినవాడే నాయకుడయ్యేవి చాలా ఉన్నాయి. ఆ బలవంతానికి ప్రేమ అని పేరు పెట్టడం నాకు ఏనాడూ మింగుడుపడలేదు. ఇప్పటికీ ఆ ధోరణి అక్కడక్కడా కనిపిస్తుంది. అలాంటిది చేతికొస్తే మొహమాటం లేకుండా పక్కన పడేయండి. అయితే మీలాంటి పాఠకులు ఈ తేడా ఎప్పుడో కనిపెట్టారు. జానిస్ రాడ్‌వే అనే అమెరికన్ పరిశోధకురాలు రొమాన్స్ నవలలు బాగా చదివే కొందరు గృహిణులతో మాట్లాడి, 1984లో ఆ అధ్యయనాన్ని పుస్తకంగా తెచ్చారు. క్రూరుడైన నాయకుణ్ణి తాము భరించలేమని, తెలివితో పాటు మృదుత్వం ఉన్నవాడే కావాలని వాళ్ళు ఆమెకు చెప్పారు. అంతకన్నా నన్ను ఆకట్టుకున్న సంగతి ఇంకొకటి ఉంది. చేతిలో పుస్తకం ఉన్నంతసేపూ ఇంట్లో ఎవరి అవసరాలూ చూడకుండా తమ కోసం తాము ఉండగలగడం ఆ ఆడవాళ్ళకు కథ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. ఇంట్లోవాళ్ళు విసుక్కున్నా వాళ్ళు ఆ సమయాన్ని వదులుకోలేదు. మీరు రాత్రిపూట తీసుకునే గంట కూడా అలాంటిదే. దాన్ని ఒక్క మాటతో వదిలేశారు.

ఆడది శృంగారం రాస్తే, చదివితే ఉలిక్కిపడటం మన తెలుగులో కొత్తేమీ కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని అనే కవయిత్రి 'రాధికా సాంత్వనము' అనే శృంగార కావ్యం రాసింది. కందుకూరి వీరేశలింగం గారంతటి సంస్కర్త కూడా అందులో కొంత భాగం ఆడవాళ్ళు వినదగ్గది కాదని, ఒక స్త్రీ నోట రాదగ్గది అసలే కాదని తీర్పు చెప్పారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని వెతికి పట్టుకుని 1910లో పరిష్కరించి వేయించింది. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కర్లేదా అని నిలదీసింది. తర్వాత ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రీమియర్ (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు) అయ్యేదాకా ఆ నిషేధం అలాగే ఉంది. వందేళ్ళ కిందట ఒక ఆడమనిషి అచ్చులో, నలుగురి ముందు నిలబడి అడిగిన ప్రశ్నను మీరు మీ ఇంట్లో, సొంత అక్కను కూడా అడగలేకపోయారు. నిష్ఠూరంగా ఉందేమో, అయినా అనక తప్పదు.

ఎందుకు అడగలేకపోయారు? మీరు అడగకుండా వదిలేసిన ప్రశ్న అదే. ఇంతసేపూ నేను ఎదురుచూస్తున్నది కూడా దానికోసమే.

మీ ఉత్తరం మళ్ళీ ఓసారి చదువుకోండి. ప్రతి మలుపులోనూ అక్క ఉంది. నవల అలవాటు చేసింది అక్క, చదివించింది అక్క, పెళ్ళి చేసింది అక్క, మాన్పించింది కూడా అక్కే. మీవారు రెండు వాక్యాల్లో వచ్చి వెళ్ళిపోయారు. నాన్నగారు పోయిన రోజున మీరు ఒక తండ్రినే కాదు, మీతో పోటీపడి సీరియల్ చదివిన అక్కను కూడా పోగొట్టుకున్నారు. ఆ రోజు నుంచి ఆవిడ మీకు అక్క కాదు, పెద్దదిక్కు. ఆ వయసులో మీకు అది కావాలి, ఆవిడ చేసింది కూడా మామూలు పని కాదు. ఆ ఋణం కాదనమని నేను చస్తే చెప్పను. చేసిన మేలు మర్చిపోయేవాళ్ళంటే నాకు గౌరవం లేదు. ఆవిడకు ఒంట్లో బాగోకపోతే మీరే ముందు వెళ్ళాలి. డబ్బు అవసరమైతే అడగకముందే ఇవ్వాలి. వయసు మీద పడ్డాక ఆవిడ బాధ్యతలో మీకు వాటా ఉంది, ఆవిడ పిల్లలు చూసుకుంటారులే అని తప్పుకోకూడదు.

కానీ నలభై దాటినా, పెళ్ళీడుకొస్తున్న కూతురున్నా, మీరు ఆవిడ ముందు ఇంకా రిపోర్టు కార్డు పట్టుకుని నిలబడుతున్నారు. తోబుట్టువుకు పెట్టాల్సిన మర్యాద పెట్టండి. రాత్రి మీ గదిలో మీరు ఏం చదువుతున్నారో ఆవిడకు చెప్పుకోవాల్సిన పని మాత్రం లేదు, ఆవిడ అడగాల్సిన పని అంతకన్నా లేదు. 'ఇందుకా చదివించింది' అన్న మాట విన్నారా, అందులో నవల మీద కోపం కన్నా లెక్క ఎక్కువుంది. తను వదులుకున్న చదువును మీరు వృథా చేస్తున్నారని ఆవిడ భయం. మీరు కూడా లోలోపల అదే నమ్ముతున్నారు, కాబట్టే ఎదురు చెప్పలేదు.

ఆవిడ పక్షాన ఒక మాట చెప్పనివ్వండి. నవలలంటే ఇష్టపడిన అమ్మాయి అప్పటినుంచి తన కోసం ఒక గంట తీసుకుందా? మీకు తెలుసా? ఎప్పుడైనా అడిగారా? తను వదిలేసుకున్న సంతోషం చెల్లెలి ఫోనులో తెరిచి కనబడితే మనిషికి ఎక్కడో కలుక్కుమంటుంది. అంతమాత్రాన ఆవిడ అన్న మాట న్యాయమైపోదు. అమ్మకు, వదినకు చెప్పడం అసలే న్యాయం కాదు. ఇంట్లోవాళ్ళ గుట్టు ఇంకో ఇంటికి చేరవేయడం పెద్దరికం కాదు.

కాబట్టి మీరు వెళ్ళి మాట్లాడండి. ఫోనులో వద్దు, మెసేజ్ అసలు వద్దు. ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు వెళ్ళి ఇలా చెప్పండి: 'అక్కా, ఆ రోజు భయపడి మాటిచ్చాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఏం చదవాలో నేనే నిర్ణయించుకుంటాను. అమ్మాయి ముందు నువ్వు అలా అనడం నాకు చాలా కష్టంగా అనిపించింది. అమ్మకూ వదినకూ చెప్పడం ఇంకా కష్టంగా ఉంది.' అంతే, పొడిగించకండి. ఆ నవలలు మంచివని ఒప్పించే ప్రయత్నం చేయకండి, చదవమని ఆవిడకు ఇవ్వనూ వద్దు. ఇచ్చిన మాట తప్పడం పాపం కదా అంటారేమో. బెదురులో ఇచ్చిన మాటను చాటుగా తప్పితే తప్పు. ఎదురుగా కూర్చుని వెనక్కి తీసుకోవడం నిజాయితీ.

'ఇంత చేస్తే ఇదా నాకు దక్కింది' అని ఆవిడ కచ్చితంగా అంటుంది. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకోవచ్చు. అక్కడే మీరు జారిపోతారు, అందుకే ముందే చెబుతున్నాను. 'నువ్వు చేసింది ఏ రోజూ మర్చిపోను. దాన్ని దీనితో ముడిపెట్టకు' అని చెప్పి, లేచి రాకుండా అక్కడే కూర్చోండి. కాసేపయ్యాక ఆవిడ మామూలైతే, ఆ రోజుల్లో ఇద్దరూ చదివిన సీరియళ్ళ గురించి అడగండి. చదవడం ఎందుకు మానేశావని అడగండి. జవాబు ఎంత సేపు చెప్పినా వినండి.

కూతురి విషయం. ఆ పిల్ల నవల చూడలేదు, తల్లి తలదించుకోవడం చూసింది. సరిచేయాల్సింది అదే. 'నేను చదివేవి పెద్దవాళ్ళ ప్రేమకథలు. నాకు ఇష్టం. పెద్దమ్మకు నచ్చదు, అది ఆవిడ అభిప్రాయం' అని మామూలు గొంతుతో చెప్పండి. 'నేనూ చదవచ్చా' అని అమ్మాయి అడిగితే, అవి తన వయసుకు రాసినవి కావని చెప్పండి. ప్రేమ గురించి, వద్దని చెప్పే హక్కు గురించి ఏదైనా అడగాలనిపిస్తే మీ దగ్గరికే రమ్మనండి. పదిహేడేళ్ళ పిల్లకు ఈ సంగతులు తల్లి దగ్గర దొరకడం కన్నా మేలైనది ఇంకేముంటుంది? ఫోనుకు లాక్ పెట్టుకోండి. తప్పు చేస్తున్నామని కాదు, ఫోను మీది కాబట్టి.

మీవారు ఏమీ అనరన్నారు. అది ఆయన మంచితనమే, సరే. కానీ భార్యను కూతురి ముందు ఒకరు అంత మాట అంటుంటే 'వదినా, ఇక ఊరుకోండి' అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ రోజు తోడు నిలవలేదని నొచ్చుకున్నానని ఆయనకు చెప్పండి. అక్క దగ్గరికి మాత్రం ఆయన్ను రాయబారం పంపకండి. మీ మాట మరిది నోట వెళితే అక్కాచెల్లెళ్ళ గొడవ కాస్తా రెండు కుటుంబాల గొడవవుతుంది.

అమ్మ అడిగితే 'అవునమ్మా, చదువుతున్నాను' అని ఊరుకోండి. వదిన నలుగురిలో ఆ ప్రస్తావన తెచ్చినా అదే జవాబు, అదే గొంతు. అక్క కొన్నాళ్ళు ఫోను చేయకపోవచ్చు. మీరే చేయండి, ఆరోగ్యం అడగండి, ఎప్పటిలాగే పండక్కి పిలవండి. క్షమాపణ మాత్రం చెప్పకండి.