గోడ మీదున్నది పోస్టరా, పటమా?

సందేహం: ఒంగోల్లో కొత్త ఇల్లు కట్టుకున్నాం. హాల్లో 1950ల నాటి ఆబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్ ఎగ్జిబిషన్ పోస్టర్లు, అంటే వాటికి ఇప్పుడు వేసిన ప్రింట్లు, ఫ్రేమ్ చేయించి పెట్టాను. గృహప్రవేశానికి వచ్చిన మా పెదనాన్న "ఏందబ్బయ్యా ఈ పటాలు, దేవుడూ లేడు, మనిషీ లేడు" అన్నారు. వీటిని పటాలు అనొచ్చా? ఫొటోలు పెట్టి కింద "మధ్య శతాబ్దపు నిరూప కళా ప్రదర్శన గోడపత్రికలతో గోడాలంకరణ" అని రాశాను. నిరూప అనాలా, నైరూప్య అనాలా, అమూర్త అనాలా? ఇంకేమైనా తప్పులున్నాయా?

సమాధానం: ముందు మీ పెదనాన్నగారి మాట దగ్గరికి వస్తాను, ఎందుకంటే మీరు రాసుకున్న వాక్యం మొత్తంలో లేని మంచి తెలుగు ఆయన నోట్లో ఉంది. వాటిని నిక్షేపంగా పటాలు అనండి. పటం అంటే సంస్కృతంలో గుడ్డ. గుడ్డ మీద బొమ్మలేసి కథ చెప్పే ఆచారం నుంచి ఆ మాట బొమ్మకు వచ్చింది, చేర్యాల పటాలను ఇప్పటికీ అలాగే అంటున్నాం. తర్వాత కాగితం, అద్దం, చెక్క చట్రం వచ్చాక కూడా మాట మారలేదు. పటానికి దేవుడో మనిషో ఉండాలన్న నియమం భాషలో లేదు, ఇళ్లల్లో ఎక్కువగా అవే ఉండటం వల్ల అలా అనిపిస్తుంది, అంతే. దేశపటంలో దేవుడు లేడు, గాలిపటం మీద బొమ్మే ఉండక్కర్లేదు. "ఫ్రేమ్ చేయించాను" బదులు మన జిల్లాల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ అనే "పటం కట్టించాను" అన్న మాట వాడండి, ఇది పోతోందని నాకు నిజంగా బాధ.

మరి గోడపత్రిక? తెలుగు గోడకూ సంస్కృత పత్రికకూ కుదిరిన మిశ్రమ సమాసం, వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఆ మాట వినగానే మనకు తట్టేది వీధిలో మైదాపిండి జిగురుతో అంటించే కాగితం. ఇక్కడ క్రియను గమనించండి. గోడపత్రికను అంటిస్తాం, పటాన్ని తగిలిస్తాం. మీ గోడ మీదున్న వాటి మాతృకలు నిజానికి మొదటి రకానివే. పారిస్‌లో మూర్లో అచ్చుకూటం పికాసో, మతీస్, మిరో లాంటి చిత్రకారుల ప్రదర్శనలకు లిథో పద్ధతిలో, అంటే రాతి పలక మీద గీసి అచ్చు తీసే పద్ధతిలో, పోస్టర్లు వేసేది, ఫలానా గ్యాలరీలో ఫలానా తేదీ నుంచి ప్రదర్శన ఉందని జనానికి చెప్పడమే వాటి పని, అందుకే బొమ్మతో పాటు ఆ అక్షరాలూ ఉంటాయి. అంటించాల్సిన దాన్ని మీరు తగిలించారు కాబట్టి పేరు కూడా మారింది. పోస్టర్ అన్నా ఇబ్బంది లేదు, అది తెలుగు మాటే అయిపోయింది.

ఇక నిరూప మాత్రం కచ్చితంగా తప్పు. నిర్ తర్వాత రేఫ, అంటే ర అనే హల్లు, వస్తే మొదటి రేఫ పోయి ముందున్న అచ్చు దీర్ఘమవుతుంది. నిర్ + రసం నీరసం అయినట్టే నిర్ + రూపం నీరూపం అవుతుంది. దాని భావవాచకం నైరూప్యం, దీన నుంచి దైన్యం వచ్చినట్టు. కొందరు యవత్తు వదిలేసి నైరూప అని రాస్తున్నారు, అదీ తప్పే. నిరూపించు, నిరూపణ అనేవాటిలో ఉన్నది ని అనే వేరే ఉపసర్గ, వాటితో దీన్ని కలపొద్దు.

అమూర్త తప్పు కాదు, హిందీవాళ్లు చిత్రకళకు అదే వాడతారు. తెలుగులో మాత్రం న్యాయం, కాలం లాంటి ఊహలకు అమూర్త భావన అనీ, బొమ్మకు నైరూప్య చిత్రం అనీ వాడుక స్థిరపడింది, నా ఓటు దానికే. అమెరికా నైరూప్య చిత్రకారుడు రోత్కో బొమ్మలో దీర్ఘచతురస్రాలు కనబడుతుంటే రూపం లేదని ఎలా అంటారని మీవాళ్లు అడగొచ్చు. ఆకారం ఉంది, ఇది చెట్టు, ఇది ముఖం అని పోల్చుకునే రూపం లేదు, అంతవరకే అర్థం.

మాటల వరస కూడా జాగ్రత్త. "నైరూప్య చిత్ర ప్రదర్శన పోస్టరు" అంటే ప్రదర్శనలోని చిత్రాలు నైరూప్యమని. "నైరూప్య పోస్టరు" అంటే పోస్టరే అలాంటిదని. స్విట్జర్లాండ్‌లో మ్యూలర్ బ్రోక్‌మన్ అనే గ్రాఫిక్ డిజైనర్ 1955లో జ్యూరిక్ సంగీత కచేరీకి చేసిన బేతోవెన్ పోస్టరులో ఉన్నవి వట్టి వంపు పట్టీలు. అది రెండోదే అవుతుంది, మొదటిది కాదు. మీ పటాల్లో అలాంటివి కలిసి ఉంటే విడిగా చెప్పాలి.

"మధ్య శతాబ్దపు" అంటే ఏ శతాబ్దమో తెలియదు. 1950ల నాటి అనండి, యాభైల్లో వచ్చిన అన్నా బాగుంటుంది. గోడాలంకరణ వద్దు. గోడ తెలుగు మాట, అలంకరణ సంస్కృతం, వాటి మధ్య సవర్ణదీర్ఘ సంధి చెయ్యకూడదు. "1950ల నాటి నైరూప్య చిత్ర ప్రదర్శన పోస్టర్లు, పటాలు కట్టించి హాల్లో పెట్టాం" అని రాస్తే సరిపోతుంది. ఒంగోలుకు సముద్రపు చెమ్మ ఎక్కువ కాబట్టి, కట్టేవాళ్లకు కాగితం అద్దానికి అంటుకోకుండా మధ్యలో మౌంటు, అంటే చుట్టూ అట్ట అంచు, వెయ్యమని చెప్పండి.