గ్రానైట్ వాళ్ల గ్రూపు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ పనిలో ఉన్న మూడు వందల మందిమి ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య పనికొచ్చే కబురు కొట్టుకుపోతోంది. ఉద్యోగ, వ్యాపార పరిచయాల సైటు లింక్డిన్‌కి మారిపోదామా?

జవాబు: తొందరపడకండి. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు కాబట్టి మీ ఇబ్బంది చోటు కాదు, పాత మాట దొరక్కపోవడం, దానికి టెలిగ్రామ్ మేలు, ఎందుకంటే అక్కడ అడ్మిన్ ఒప్పుకుంటే కొత్తగా చేరినవాళ్లూ పాత మెసేజ్‌లు చదువుకోవచ్చు, రేట్లు, లారీలు, పనివాళ్లు అని విడివిడిగా టాపిక్‌లు పెట్టుకోవచ్చు, ఫోన్ నంబరు కూడా దాచుకోవచ్చు. గెలాక్సీ రాయి (మీ చీమకుర్తి నల్ల గ్రానైట్) విదేశాలకు పంపేవాళ్లకు లింక్డిన్ కావాల్సిందే. కానీ పాలిషింగ్ మేస్త్రి అందులోకి రాడు, ఆయన లేని గ్రూపు నా దృష్టిలో గ్రూపే కాదు. ముందు ఇప్పుడున్న వాట్సాప్ గ్రూపులోనే ఇద్దరు గట్టి అడ్మిన్లను పెట్టి, నెల రోజులు ఆ గుడ్ మార్నింగ్ బొమ్మలు ఆపించి చూడండి.