మ్యూనిక్ ఆఫర్ సరే, మీ ఆవిడ ఏమన్నారు?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది అనంతపురం, పదకొండేళ్లుగా బెంగళూరులోనే, వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. నాకు ఏడాదికి 42 లక్షలు, మా ఆవిడకి 26. ఐదేళ్ల పాప. ఆఫీసు ఎలక్ట్రానిక్స్ సిటీలో, రోజూ మూడు గంటలు రోడ్డు మీదే, ఇంటికొచ్చాక రాత్రి పదకొండు దాకా అమెరికా కాల్స్. ఇప్పుడు జర్మనీలోని మ్యూనిక్‌లో ఏడాదికి 78 వేల యూరోలకి ఆఫర్ వచ్చింది. ఆ జీతానికి అంత దూరం దండగ అని కొందరు, డబ్బు కాదురా లైఫ్ చూసుకో అని కొందరు. నాన్న పోయి రెండేళ్లయింది, అమ్మ ఊళ్లో ఒక్కతే. మూడు వారాల్లో చెప్పాలి, నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు పంపిన ఎక్సెల్ షీట్ కూడా చూశానండీ. పాల ప్యాకెట్ దగ్గర్నుంచి రాశారు, మెచ్చుకోవాలి. కానీ అంత పెద్ద షీట్‌లో మీ ఆవిడ 26 అనే అంకెగా తప్ప ఇంకెక్కడా కనపడలేదు. వస్తానన్నారా, రానన్నారా, మీ ఇష్టం అని వంటింట్లోకి వెళ్లిపోయారా, ఒక్క ముక్క రాయలేదు.

ముందు డబ్బు సంగతి చూసేద్దాం, అదే తేలిక. యూరోని ఇవాళ్టి రేటుతో గుణించుకుని చూడటం మానేయండి, అక్కడి జీతం చాలావరకు అక్కడే ఖర్చయిపోతుంది. 78 వేలకి మీరు ఒక్కరే వెళ్తే ట్యాక్స్, పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్స్ పోను నెలకి చేతికొచ్చేది సుమారు 3,900 యూరోలు. భార్య కూడా అక్కడికొచ్చి ఉండి ఆమెకి సంపాదన లేకపోతే మీకు ట్యాక్స్ తక్కువ పడే మూడో ట్యాక్స్ క్లాస్ వస్తుంది, అప్పుడు 4,400 దాకా. పాపకి గవర్నమెంటు ఇచ్చేది ఇంకో 250 పైన. ఇందులో రెండు బెడ్‌రూముల ఇంటికి హీటింగుతో కలిపి రెండు వేలు ఈజీగా పోతాయి, మ్యూనిక్ అద్దెలు అలా ఉంటాయి మరి. మిగిలినదాంతో హాయిగానే బతకొచ్చు, కాకపోతే ఇప్పుడు మీ ఇంట్లోకి వచ్చేది 42 కాదు, 68. రెండెద్దులు లాగే బండికి ఒక ఎద్దునే కట్టి, దాని బలం ఎంతని ఫ్రెండ్స్‌ని అడుగుతున్నారు.

ఇక లైఫ్. అక్కడ లాభం నిజంగా ఉంది, నేను కాదనను. వారానికి ఐదు రోజుల పనికి చట్టం ప్రకారమే ఏడాదికి కనీసం 20 రోజుల సెలవులు, చాలా కంపెనీలు 28, 30 ఇస్తాయి, జబ్బు చేస్తే ఆరు వారాల దాకా కంపెనీయే పూర్తి జీతం ఇవ్వాలి. ఆదివారం షాపులు కూడా మూసేస్తారు. 2024 ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసిన మన బెంగళూరు వాళ్లకి ఇదంతా స్వర్గంలాగే అనిపిస్తుంది.

కానీ ఆ స్వర్గం ఎవరికి వస్తుందో చూడండి. ఇక్కడ వంటక్క ఉంది, పనమ్మాయి ఉంది, ఆయమ్మ ఉంది. అక్కడ అవన్నీ మీరిద్దరే, అంటే మొదట్లో ఆమే. పాపకి ఆరేళ్లకి ఒకటో తరగతి, మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో ప్రైమరీ స్కూలు చాలాచోట్ల మధ్యాహ్నానికే వదిలేస్తారు. ఒకటో తరగతి పిల్లలకి ఫుల్ డే కేర్ హక్కుగా ఇవ్వాలని 2026 ఆగస్టు నుంచి చట్టం పెట్టారు గానీ, మీ ఏరియా స్కూల్లో సీటు సంగతి మీరే కనుక్కోవాలి. బ్లూ కార్డ్, అంటే చదువుకున్న ఉద్యోగస్తులకి అక్కడ ఇచ్చే పర్మిట్, దాని మీద మీరు వెళ్తే ఆమె ఉద్యోగం చేయడానికి వీసా అడ్డు లేదు, అడ్డల్లా భాషే.

నా దగ్గరికి ఒక జంట వచ్చేవాళ్లు, ఆయన సైకిల్ మీద ఆఫీసుకెళ్తూ పదేళ్లు చిన్నవాడినయ్యానని మురిసిపోయేవాడు, ఆవిడ ఇక్కడ పన్నెండు మంది టీమ్‌ని నడిపిన మనిషి, అక్కడ పార్కులో ఎవరైనా మీరేం చేస్తారు అని అడిగితే నాకు నోరు పెగిలేది కాదండీ అని చెప్పింది. ఇద్దరూ మంచివాళ్లే, వెళ్లేముందు ఈ మాట మాట్లాడుకోలేదు, అంతే.

అమ్మ సంగతి. ఇప్పుడు అమ్మ బాత్‌రూంలో జారిపడిందంటే కారెక్కితే నాలుగు గంటల్లో అనంతపురంలో ఉంటారు, అక్కడినుంచైతే మర్నాటికి. అడిగితే ఆమె "నా గురించి ఏం ఆలోచించొద్దు నాయనా, పో" అనే అంటుంది, ఏ తల్లయినా అదే అంటుంది, కాబట్టి అడగాల్సింది ఆమెని కాదు. అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్లేది ఎవరు, పక్కింటి వాళ్లా, మేనమామ కొడుకా, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగండి.

నన్నడిగితే, మీ ఆవిడకి నిజంగా ఇష్టమైతేనే వెళ్లండి, అది కూడా ఒక్కసారిగా కాదు. అక్కడ మామూలుగా మొదటి ఆరు నెలలు ప్రొబేషన్, రెండు వారాల నోటీసుతో పంపించేయొచ్చు. అందుకని ముందు మీరు వెళ్లండి, ఆ ఆరు నెలలూ ఆమె ఉద్యోగం వదలకుండా ఇక్కడే జర్మన్ మొదలుపెట్టాలి, ఫ్లాట్ ఉంటే అమ్మొద్దు. మీరు ఒంటరిగా ఉంటారు, ఆమెకి ఇక్కడ పాపతో ఆరు నెలలు నరకంలా ఉంటుంది, ఆ మాట కూడా ముందే అనుకోండి. బి1 లెవెల్ (ఓ మోస్తరుగా మాట్లాడే స్థాయి) జర్మన్ వస్తే బ్లూ కార్డ్ వాళ్లకి 21 నెలలకి, ఎ1 (మొదటి మెట్టు)తో అయితే 27 నెలలకి పర్మనెంట్ రెసిడెన్సీకి అర్హత వస్తుంది, కాబట్టి రెండేళ్ల దగ్గర ఒక గీత గీసుకుని ఉండాలా రావాలా అప్పుడు తేల్చుకోవచ్చు.

ఆమె వద్దంటే? అప్పుడు మీ మెయిల్ మీరే మళ్లీ చదవండి. మీ బాధంతా మూడు గంటల రోడ్డు, రాత్రి కాల్స్. దానికి విరుగుడు మ్యూనిక్‌లో మాత్రమే లేదు, ఇక్కడా ఉంది: మీ వైట్‌ఫీల్డ్ నుంచి వెళ్లే పర్పుల్ లైన్ మెట్రో మీద ఆఫీసు, అమెరికా టీమ్ లేని ప్రాజెక్టు, జీతం ఐదారు లక్షలు తగ్గినా సరే. మూడు వారాలు టైముంది కదా, రెండు చోట్ల ఇంటర్వ్యూ ఇవ్వండి.

ఈ శనివారం పాపని ఎవరింట్లోనైనా వదిలి, ఆ షీట్ మీ ఆవిడ ముందు పెట్టి, మీరు నోరు విప్పకుండా ఆమెనే నింపమనండి. ఏం రాశారో మళ్లీ మెయిల్ పెట్టండి, ఈసారి ఇద్దరి పేరుతో.