రష్యా ప్రాంతీయ ఎన్నికల వార్త నీ చేతికొస్తే

చిరంజీవికి, బాబాయి ఆశీస్సులు.

నిన్ను అంతర్జాతీయ డెస్క్‌కు మార్చారని మీ నాన్న చెప్పాడు. సంతోషం. ఏటా సెప్టెంబరు రెండో ఆదివారం నాటికి (జాతీయ పార్లమెంటు ఎన్నికలున్న ఏడాదైతే మూడో ఆదివారం) రష్యాలో గవర్నర్ల ఎన్నికలు, ప్రాంతీయ శాసనసభల ఎన్నికలు ఉంటాయి. ఆ వారమంతా విదేశీ వార్తా ఏజెన్సీలు రాసి పంపే కాపీ వస్తూనే ఉంటుంది. ఆ కుర్చీలో చాలాకాలం కూర్చున్నవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెప్తాను.

గవర్నరు ఓడితే 'పుతిన్‌కు ఎదురుదెబ్బ', గెలిస్తే 'బిగిసిన పుతిన్ పట్టు' అనే శీర్షిక ముందే తయారుగా ఉంటుంది. అక్కడి జనం దేని గురించి ఓటేశారన్నది ఏ ఎనిమిదో పేరాలోనో దొరుకుతుంది. ఆ పేరాను వెతికి పైకి తేవడమే నీ పని.

రష్యా తూర్పు కొసన ఉన్న ఖబరోవ్‌స్క్ ప్రాంతం సంగతే చూడు. 2018లో కేంద్రం పింఛను వయసు పెంచింది, మగవాళ్లకు 60 నుంచి 65కి, ఆడవాళ్లకు 55 నుంచి 60కి. జనం మండిపడ్డారు. ఆ సెప్టెంబరులో రెండో రౌండ్‌లో ఎల్‌డీపీఆర్ (లిబరల్ డెమోక్రటిక్ పార్టీ) అభ్యర్థి సెర్గేయ్ ఫుర్గాల్ దాదాపు 70 శాతం ఓట్లతో సిట్టింగ్ గవర్నరు ష్పోర్ట్‌ను ఓడించాడు. 'ప్రతిపక్షం గెలుపు' అని కాపీ వచ్చిందనుకో, అలాగే దించెయ్యకు. ఎల్‌డీపీఆర్ పెద్ద విషయాల్లో క్రెమ్లిన్ మాట దాటే పార్టీ కాదు. రెండో రౌండ్‌లో ఉండేవి రెండే పేర్లు, పాతాయన వద్దనుకున్నవాళ్లకు మిగిలింది ఈయనే. ఆ ఒక్క వాక్యం రాస్తే పాఠకుడికి అంతా అర్థమవుతుంది.

గవర్నరయ్యాక ఫుర్గాల్ జీతం తగ్గించుకున్నాడు, ప్రభుత్వ యాచ్‌ను అమ్మకానికి పెట్టాడు. మరుసటి ఏడాది ప్రాంతీయ శాసనసభ ఎన్నికల్లో 36 సీట్లకు పుతిన్‌కు అండగా ఉండే అధికార పార్టీ యునైటెడ్ రష్యాకు దక్కినవి రెండు. 2020 జులైలో, పదిహేనేళ్ల కిందటి హత్యల కేసులో ఫుర్గాల్‌ను అరెస్టు చేసి మాస్కో తీసుకుపోయారు. నేరం చెయ్యలేదన్నాడాయన. జనం వీధుల్లోకొచ్చారు. పుతిన్ వ్యతిరేక నినాదాలూ వినిపించాయి, నిజమే. కానీ వాళ్లు మొదట అడిగింది, మేం ఎన్నుకున్న మనిషిని మా ఊళ్లోనే విచారించమని. ఆయన స్థానంలో పంపిన దెగ్త్యార్యోవ్‌దీ అదే పార్టీ. అయితే ఆయన సమారా మనిషి, ఖబరోవ్‌స్క్‌వాడు కాదు. కోపం చల్లారకపోవడానికి అదీ ఒక కారణం. జనం ఎంతమందంటే అధికారులు కొన్ని వేలన్నారు, ఇతరులు పదుల వేలన్నారు. ఇలాంటప్పుడు రెండు లెక్కలూ, ఎవరు చెప్పారో ఆ పేరుతో సహా వెయ్యాలి. 2023 ఫిబ్రవరిలో ఫుర్గాల్‌కు 22 ఏళ్ల శిక్ష పడింది. అరెస్టు వార్త వేసిన పేపరు తీర్పు వార్త కూడా వెయ్యాలమ్మా.

పోలింగ్ రోజు కంటే నామినేషన్ల రోజులు ముఖ్యం. 2004లో బెస్లాన్ బడిలో ఉగ్రవాదులు పిల్లల్ని బందీలుగా పట్టిన ఘోరం తర్వాత గవర్నర్ల ఎన్నికలు ఎత్తేశారు, 2012లో తిరిగి తెచ్చారు. తెస్తూ ఒక అడ్డం పెట్టారు: అభ్యర్థికి స్థానిక సంస్థల సభ్యుల్లో 5 నుంచి 10 శాతం మంది సంతకాలు కావాలి. ఆ సభ్యుల్లో ఎక్కువమంది ఎవరివైపు ఉంటారో వేరే చెప్పాలా? అందుకే 80 శాతంతో గెలిచాడని రాసేముందు, బరిలోకి రానివ్వనిది ఎవరినో చూడు.

లెక్కింపు రాత్రి మాత్రం కన్నార్పకు. తూర్పు కొసన వ్లాదివోస్తోక్‌లో రాత్రి ఎనిమిదికి పోలింగ్ ముగిస్తే మనకు మధ్యాహ్నం మూడున్నర, పడమటి కొసన కలీనిన్‌గ్రాద్‌లో ముగిసేసరికి రాత్రి పదకొండున్నర. 2018లో వ్లాదివోస్తోక్ ఉన్న ప్రిమోర్యే ప్రాంతంలో కమ్యూనిస్టు ఇష్చెంకో 95 శాతం లెక్కింపు దాకా 5 శాతానికి పైగా ముందున్నాడు. 99 శాతం దాటేసరికి తాత్కాలిక గవర్నరు తరసెంకో ముందుకొచ్చాడు! గొడవై ఫలితాన్ని రద్దు చేశారు. డిసెంబరులో మళ్లీ పెట్టిన ఎన్నికలో ఇష్చెంకోను బరిలోకే రానివ్వలేదు. 95 శాతం దగ్గర 'గెలుపు' అని పేజీ వదిలితే ఏమయ్యేదో ఆలోచించు. ఇప్పుడు చాలాచోట్ల మూడు రోజుల పోలింగ్, ఆన్‌లైన్ ఓటు కూడా ఉన్నాయి కాబట్టి బయటివాళ్లు పరిశీలించడం ఇంకా కష్టం.

డేట్‌లైన్, అంటే వార్త ఏ ఊరి నుంచి రాశారో చెప్పే మాట, తప్పక చూడు. 2023 మార్చిలో అమెరికా విలేకరి ఇవాన్ గెర్ష్‌కోవిచ్‌ను మాస్కోకు దూరంగా ఉన్న యెకటెరిన్‌బర్గ్‌లోనే పట్టుకున్నారు. మరుసటేడు ఖైదీల మార్పిడిలో బయటపడ్డాడు. అలాంటప్పుడు విదేశీ విలేకరులు మాస్కో దాటి వెళ్లడానికి జంకడం సహజం. ఎన్నికలను గమనించే గోలోస్ సంస్థ నాయకుడు మెల్కొన్యాంత్స్‌కు 2025లో ఐదేళ్ల జైలు పడింది, ఆ తర్వాత సంస్థ మూతపడింది. కాబట్టి 'పరిశీలకుల ప్రకారం' అని ఉంటే ఏ పరిశీలకులో అడుగు. రష్యా బయట రిగా నుంచో బెర్లిన్ నుంచో రాసిన కాపీని తీసిపారెయ్యకు, కానీ ఎక్కడి నుంచి రాశారో పాఠకుడికి చెప్పు.

ఇంకొకటి. 2023 సెప్టెంబరులో దొనెత్స్క్, లుహాన్స్క్, జపొరీజియా, ఖెర్సోన్‌లలో కూడా రష్యా ఎన్నికలు పెట్టింది. అవి ఉక్రెయిన్ ప్రాంతాలు. 'రష్యా ఆక్రమణలో ఉన్న' అన్న మాట శీర్షికలో పట్టకపోతే మొదటి వాక్యంలోనైనా ఉండాలి. స్థలం లేదని ఎవరైనా కొట్టేస్తే, ఇంకో మాట తీసి దాన్ని మళ్లీ పెట్టించు.

పేర్ల ఉచ్చారణ దగ్గర అనుమానమొస్తే ఏ వేళైనా ఫోన్ చెయ్యి.

నీ బాబాయి